అరటిపండు రేటు చెప్పి ఊరుకున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం.

నెల కిందట ఒక ఆదివారం మీ అనుబంధంలో కాన్సెప్చువల్ ఆర్ట్ మీద, అంటే వస్తువు కంటే దాని వెనక ఆలోచనే ముఖ్యమనే కళ మీద, అర పేజీ వ్యాసం వేశారు. గోడకు టేపుతో అంటించిన అరటిపండు, దాని పక్కన ఎర్ర అక్షరాల్లో 62 లక్షల డాలర్లు, కింద 'ఇలాంటివి మా పిల్లాడు రోజూ చేస్తాడు' అంటూ వెటకారం. చదివి నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. మా ఆవిడకు కూడా చదివి వినిపించాను, ఆవిడా నవ్వింది. కానీ ఆ వ్యాసం మూడో పేరాలో ఒక వాక్యం ఉంది, ఎవరో ఒకాయన ఏడాదిపాటు గంటగంటకీ పంచింగ్ కార్డు కొట్టి దాన్నీ కళే అన్నాడని, ఆయన పేరు రాసే ఓపిక కూడా లేకపోయింది మీవాళ్లకి, ఆ వాక్యం దగ్గర మాత్రం నా నవ్వు ఆగింది. నేను ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో, అంటే పనివాళ్లు కొట్టిన కార్డులు చూసి హాజరు లెక్క రాసే చోట, 31 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ని. పంచింగ్ కార్డు మీద జోకు వేస్తే నవ్వు రాదు నాకు.

నా ఫిర్యాదు ముందు చెప్పేస్తాను. అర్థమయ్యేలా విడమరిచి చెప్పడాన్ని మనం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం అంటాం కదా, మీరేమో అరటిపండు రేటు చెప్పి ఊరుకున్నారు. కొన్నవాడికి అసలు ఏం దొరికిందో కూడా రాయలేదు. మౌరీజియో కాటెలాన్ అనే ఇటలీ కళాకారుడు 2019లో మయామీలో జరిగిన ఆర్ట్ ఫెయిర్‌లో పెట్టింది అది, పేరు 'కమెడియన్'. అక్కడే ఇంకో కళాకారుడు వచ్చి దాన్ని గోడ మీంచి పీకి తినేశాడు, గ్యాలరీవాళ్లు ఇంకో పండు తెచ్చి అంటించారు, కొంపేమీ మునగలేదు. 2024లో న్యూయార్క్ వేలంలో మీరు రాసిన రేటుకి కొన్నాయన కూడా తర్వాత దాన్ని తినేశాడు. ఎందుకు తినగలిగాడంటే, కొన్నవాళ్లకు చేతికిచ్చేది ఒక సర్టిఫికెట్టు, దాంతోపాటు పండును గోడకి ఎలా అంటించాలో చెప్పే కాగితాలు. పండు మెత్తబడితే మార్చుకుంటారు. అంటే అమ్ముడుపోయింది ఒక పని ఎలా చేయాలో రాసిన కాగితం. నాకైతే ఆ అరటిపండు పెద్దగా నచ్చలేదు, డబ్బున్నవాళ్లు ఒకరినొకరు గిల్లుకునే ఆటలాగా ఉంది, కానీ ఆ 'కాగితం మీద రాసిన పని' అన్న ముక్క పట్టుకుని వెనక్కి వెళ్తే బోలెడు సరుకుంది. మీ వ్యాసం అటువైపు తొంగి కూడా చూడలేదు.

ముందు మీరు పేరు రాయని ఆయన సంగతి. ఆయన పేరు తెచింగ్ షే. తైవాన్‌లో పుట్టాడు. 1974లో ఓడలో పనివాడిగా వచ్చి, అమెరికాలో ఓడ దిగి మళ్లీ ఎక్కలేదు. కాగితాలు లేకుండా న్యూయార్క్‌లో గిన్నెలు కడుగుతూ, నేల తుడుస్తూ ఏళ్లు గడిపాడు. 1980 ఏప్రిల్ 11న, తను ఉండే గదిలోనే, ఫ్యాక్టరీల్లో వాడే పంచింగ్ గడియారం ఒకటి పెట్టుకుని, గుండు గీయించుకుని, పనివాళ్ల యూనిఫాం వేసుకుని, గంటకోసారి కార్డు కొట్టడం మొదలుపెట్టాడు. పగలూ రాత్రీ, 1981 ఏప్రిల్ 11 దాకా. కొట్టిన ప్రతిసారీ సినిమా కెమెరాతో ఒక్క ఫ్రేము తీసుకున్నాడు. ఆ ఫ్రేములన్నీ కలిపితే ఏడాది మొత్తం సుమారు ఆరు నిమిషాల ఫిల్ము అయింది, అందులో గుండు మీద జుట్టు మొలిచి భుజాల దాకా దిగుతుంది, పక్కన గడియారం ముల్లు గిర్రున తిరిగిపోతూ ఉంటుంది, మనిషి మాత్రం అదే బట్టల్లో అదే చోట వణుకుతున్నట్టు నిలబడి ఉంటాడు. ఏడాదికి 8,760 గంటలు. ఆయన తప్పినవి 133. ఆ 133కీ లెక్క రాసిపెట్టాడు, నిద్రపోయి తప్పినవి 94, ఆలస్యమైనవి 29, తొందరపడి ముందే కొట్టినవి 10.

ఎడిటర్ గారూ, ఆ లెక్క చూసి నాకు ఒళ్లు జలదరించింది. అది అచ్చం మా రిజిస్టరే. ఆబ్సెంటు, లేటు, ఎర్లీ. నేను 31 ఏళ్లు గీసిన మూడు గళ్లు.

మా దగ్గర మూడు షిఫ్టులు, ఆరొందల మంది దాకా ఉండేవాళ్లు. గేటు లోపలికి రాగానే గోడకి రెండు ఇనుప ర్యాకులు, బయట ఉన్నవాళ్ల కార్డులు ఒకదాంట్లో, లోపలికొచ్చినవాళ్లవి ఇంకోదాంట్లో, మధ్యలో గడియారం. కార్డు దాని నోట్లో పెట్టి మీట నొక్కితే ఠక్‌మని శబ్దం. టైముకి వస్తే నీలం అంకె పడేది, దాటితే ఎరుపు. ఆ ఎర్ర అంకెలు ఏరి ఖాతాకెక్కించడం నా పని. మూడు ఎర్రలకి ఒక పూట జీతం కోత, అది నేను పెట్టిన రూలు కాకపోయినా తిట్లు నాకే పడేవి. షిఫ్టు మారే వేళ వరసగా రెండొందల మంది కొడుతుంటే ఆ ఠక్ ఠక్ శబ్దం వాన పడ్డట్టుండేది. తర్వాత వేలిముద్రల మెషీను వచ్చింది, శబ్దం పోయింది, ఎరుపూ పోయింది, కోత మాత్రం ఉంది.

తెచింగ్ షే ఫోటోలు, కార్డులు కంప్యూటర్లో చూస్తూ కూర్చుంటే ఒక అనుమానం వచ్చింది. మీ వ్యాసంలో అన్నట్టు ఇది ఎవడైనా చేయగలిగే పనేనా? సరే, ఏడాది వద్దు, ఒక్క రోజు చేసి చూద్దామనుకున్నాను. గడియారం లేదు కాబట్టి ఒక నోటు పుస్తకం, పెన్ను. శనివారం సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి ఆదివారం సాయంత్రం ఆరింటి దాకా, గంట కొట్టగానే లేచి వెళ్లి టైము రాసి సంతకం పెట్టాలి, అంతే. పదకొండు దాకా హాయిగా గడిచింది, గర్వంగా కూడా ఉంది. పన్నెండుకి అలారం మోగితే లేచాను. ఒంటిగంటకి లేచాను. రెండింటికి లేచి రాసి మళ్లీ పడుకోబోతుంటే మా ఆవిడ అటు తిరిగే అంది, "ఏమండీ, రిటైరైనా మీకు నైట్ షిఫ్టు తప్పలేదా?" మూడింటి గడి ఖాళీ. అలారం మోగిందట, నేనే చెయ్యి చాపి ఆపేశానట, నాకు గుర్తే లేదు. ఐదింటిది పది నిమిషాలు ఆలస్యం. మధ్యాహ్నానికి ఇంకో సంగతి తెలిసొచ్చింది, నిద్ర కంటే పగలే కష్టం. టీవీలో సినిమా కుదరదు. బయటికి వెళ్తే అరగంట వెళ్లడం, అరగంట రావడం, అంతకు మించి దూరం లేదు. ఎవరైనా ఫోన్ చేసి మాట్లాడుతుంటే నా కళ్లు గోడ గడియారం మీదే. ఏ పని మొదలుపెట్టినా మధ్యలో కత్తిరించేసినట్టుంది. సాయంత్రం ఆరింటికి చివరి సంతకం పెట్టి లెక్క చూసుకుంటే 24కి ఒక ఆబ్సెంటు, ఒక లేటు. మా ఫ్యాక్టరీలో అయితే వార్నింగ్ ఇచ్చేవాణ్ని నాకు.

ఆరొందల మంది గంటలు 31 ఏళ్లు లెక్కపెట్టినవాణ్ని నేను. గంట ఎంత పొడుగుంటుందో కార్డుకి ఇవతలి వైపు నిలబడి ఎప్పుడూ చూళ్లేదు. ఒకతను, వెల్డింగ్ సెక్షన్ మనిషి, లేటైన ప్రతిసారీ నా కిటికీ దగ్గరికొచ్చి ఏమీ అడక్కుండా కార్డు చూపించి వెళ్లిపోయేవాడు, ఎందుకొస్తాడో అర్థమయ్యేది కాదు, విసుక్కునేవాణ్ని కూడా. ఆ ఆదివారం సాయంత్రం ఆయన గుర్తొచ్చాడు. ఇంతకంటే ఎక్కువ రాయను, ఇది ఆత్మకథ కాదు.

నేను చెప్పదలిచింది ఇదే. ఈ రకం కళని ఫోటో చూసి తీర్పు చెప్పడం అంటే వంట పుస్తకం నాకి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినట్టు. వీటిలో చాలావాటిని చేసి చూడాలి. చేయడానికి రూపాయి ఖర్చు ఉండదు, చేతనవదేమో అన్న భయం కూడా అక్కర్లేదు. 'మా పిల్లాడూ చేస్తాడు' అని మీరు వెక్కిరింతగా రాసిన మాటే నిజానికి వీటి గురించి చెప్పగలిగిన మంచి మాట. చేయనివ్వండి మరి పిల్లాణ్ని, మీరూ చేయండి.

నేను ఇంకో రెండు చేశాను. యోకో ఓనో పేరు విన్నవాళ్లు చాలామంది ఆవిణ్ని బీటిల్స్ బృందం పాటగాడు జాన్ లెనన్ భార్యగానే విని ఉంటారు, ఆయన పరిచయం కావడానికి ఏళ్ల ముందే, 1955లోనే, ఆవిడ రాసిన ఒక పని ఉంది, ఒకే లైను. అగ్గిపుల్ల గీసి అది ఆరిపోయేదాకా చూడు. అంతే. రాత్రి లైటు తీసేసి మా ఆవిడా నేనూ కూర్చున్నాం. నా మొదటి పుల్ల చివరిదాకా రాలేదు, వేలు కాలి వదిలేశాను. రెండోదాన్ని తల కిందికి వంచి పట్టుకున్నాను, మంట ఎగబాకి గబగబా వచ్చేసింది, అదీ అయిపోయింది. ఆవిడ మాత్రం పుల్లని నిటారుగా పట్టుకుంది. మంట చిన్నదై, కింద నీలంగా, పైన కొంచెం పసుపుగా, కదలకుండా నిలబడింది. కాలిన భాగం రాలిపోకుండా నల్లటి కొక్కెంలాగా మెల్లగా ఒంగింది, దాని మీద ఎర్ర చుక్క ఒకటి ఆరిపోయాక కూడా కాసేపు పాకింది, తర్వాత సన్నటి పొగ. చీకట్లో ఆవిడ అంది, "ఎన్ని వేల పుల్లలు గీసుంటాను, ఒక్కదాన్నీ చివరిదాకా చూళ్లేదు." ఆ తర్వాత ఇంకో నాలుగు గీశాం. చాలని చెప్పి డబ్బా నేనే దాచేయాల్సొచ్చింది.

రెండోది జార్జ్ బ్రెక్ట్ అనే అమెరికా ఆయనది. ఉద్యోగం కెమిస్టు, కళ పక్క పని. 1959 ప్రాంతంలో ఇలాంటివి చిన్న చిన్న కార్డుల మీద రాయడం మొదలుపెట్టాడు. ఒకదాని సారాంశం, కారే నీళ్లు, కింద ఖాళీ పాత్ర, నీళ్లు పాత్రలో పడాలి, దాన్ని సంగీతం అన్నాడు. కారే కుళాయి ఎవరింట్లో ఉండదు. బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు పడే చుక్కకీ, అంగుళం నీళ్లు నిండాక పడే చుక్కకీ శ్రుతి మారుతుంది. మొదటి పది నిమిషాలు బాగుంది. తర్వాత ప్లంబర్‌కి ఫోన్ చేశాను. అంటే అన్నీ నన్ను కదిలించాయని చెప్పడం లేదు.

మీ వ్యాసంలో ఇంకో జోకు, మ్యూజియంలో క్లీనింగ్ పనిచేసే వాళ్లు కళాఖండాన్ని చెత్త అనుకుని ఊడ్చేశారని. ఇది నిజంగా చాలాసార్లు జరిగింది. 1973లో జర్మనీలోని లెవర్కుజెన్ మ్యూజియంలో జోసెఫ్ బాయిస్ చేసిన స్నానాల తొట్టి ఒకటి, దానికి బ్యాండేజీలు, ప్లాస్టర్లు అంటించి ఉండేవి, ఒక రాజకీయ పార్టీ వేడుక కోసం వచ్చినవాళ్లు శుభ్రంగా తోమేసి వాడుకున్నారు. 2011లో డార్ట్‌మండ్‌లో మార్టిన్ కిప్పెన్‌బెర్గర్ చేసిన దాంట్లో ఒక రబ్బరు తొట్టి అడుగున నీళ్లు ఎండిన మరకలాగా రంగు వేసి ఉంటే క్లీనర్ దాన్ని మరకే అనుకుని రుద్ది పోగొట్టింది. 2015లో ఇటలీలోని బొల్జానోలో ఖాళీ షాంపేన్ సీసాలు, సిగరెట్ పీకలు పరిచి పెట్టిన గదిని తెల్లారేసరికి సంచుల్లోకి ఎత్తేశారు. మీరు ఈ జోకు ఎవరి మీద వేశారో నాకు తేలలేదు. కళాకారుడి మీదా, క్లీనర్ మీదా? చదువుతుంటే క్లీనర్ అమాయకురాలు అన్నట్టే ఉంది. నా మటుకు నాకు ఆవిడే రైటు. మరక కనపడితే పోగొట్టమని జీతం ఇచ్చారు, పోగొట్టింది. ఆ మరకని అతి దగ్గరగా, అతి శ్రద్ధగా చూసిన ఒకే ఒక్క మనిషి బహుశా ఆవిడే.

ఈ జోకు వేసేవాళ్లకి మియర్లే లాడర్‌మన్ యూకెలెస్ సంగతి తెలిసి ఉంటే బాగుండేది. అమెరికా ఆవిడ. తల్లయ్యాక చూసుకుంటే పొద్దస్తమానం ఉతకడం, తుడవడం, తినిపించడం, బొమ్మలు వేయడానికి టైము లేదు. దాంతో 1969లో ఒక ప్రకటన రాసింది, నేను చేసే ఈ ఇంటిపనే ఇకనుంచి నా కళ అని. అందులో ఒక ప్రశ్న ఉంది, నాకు తెగ నచ్చింది, విప్లవం వచ్చాక సోమవారం పొద్దున చెత్త ఎవరెత్తుతారు అని. 1973లో హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం అనే మ్యూజియానికి వెళ్లి, బయటి మెట్లు గంటల తరబడి నీళ్లు పోసి కడిగింది, లోపల నేల చేతులతో తుడిచింది, జనం తొక్కుతూ వెళ్తుంటే మళ్లీ తుడిచింది. అక్కడే ఇంకో తమాషా చేసింది. మ్యూజియంలో ఒక మమ్మీ ఉన్న అద్దాల పెట్టెని రోజూ తుడిచే పనివాడు తుడిచాడు. అదే పెట్టెని తర్వాత ఆవిడ తుడిచి, ఇది కళ అని ముద్ర వేసింది. ముద్ర పడ్డాక ఇక పనివాడు దాన్ని ముట్టుకోకూడదు, కళాఖండాలు చూసుకునే నిపుణుడే తుడవాలి. అదే అద్దం, అదే గుడ్డ, అదే దుమ్ము. మారిందల్లా హోదా. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఈ జోకు వెంటనే అర్థమవుతుంది, మీ వ్యాసంలో జోకు కంటే ఇది బాగా పేలుతుంది కూడా.

అక్కడితో ఆగలేదు ఆవిడ. 1979లో మొదలుపెట్టి 1980 దాకా న్యూయార్క్ నగరం మొత్తం తిరిగి, చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికులు 8,500 మందికి, ఒక్కొక్కరి ఎదురుగా నిలబడి చెయ్యి కలిపి, న్యూయార్క్‌ని బతికిస్తున్నందుకు థాంక్యూ అని చెప్పింది. షేక్‌హ్యాండే కళాఖండం. తీసుకెళ్లి గోడకి తగిలించుకోడానికి ఏమీ లేదు, వేలం వేయడానికీ లేదు, కాబట్టి మీ పేపర్లో రేటు వేసే అవకాశమూ లేదు. 1980లో, అదే ఊళ్లో, ఆవిడ ఒక వైపు చేతులు కలుపుతుంటే ఇంకో వైపు తెచింగ్ షే గదిలో కార్డు కొట్టుకుంటూ ఉన్నాడు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇద్దరి లెక్కలూ ఒకేసారి నడిచాయి. ఆ సంగతి తట్టినప్పుడు నాకు ఎందుకో సంతోషం వేసింది.

ఇక మీ వ్యాసం ఎగతాళి చేసిన మూత్రశాల తొట్టి. మార్సెల్ డుషాంప్ అనే ఫ్రాన్స్ కళాకారుడు 1917లో న్యూయార్క్‌లో పెట్టబోయిన 'ఫౌంటెన్'. దాని గురించి అందరూ అన్నీ రాసేశారు, నేను రెండే చెబుతాను. ఒకటి, ఫీజు కట్టిన ఎవరి పనైనా ప్రదర్శిస్తాం అని ప్రకటించుకున్న సంఘం దాన్ని ప్రదర్శించలేదు, అంటే అసలు ప్రశ్న తొట్టి మీద కంటే ఆ రూలు మీదే పడింది. రెండు, ఆ తొట్టి ఎప్పుడో పోయింది, మ్యూజియాల్లో ఇప్పుడు జనం ఫోటోలు తీసుకునేవి తర్వాత చేయించిన నకళ్లు. పోయినా ఏం పోలేదు, చూశారా.

నచ్చనివి నాకూ ఉన్నాయి. పియెరో మంజోనీ 1961లో తన మలం అని రాసి 90 డబ్బాలు సీలు చేసి, ఒక్కో డబ్బాని అంత బరువు బంగారం రేటుకి అమ్ముతానన్నాడు, ఆలోచన అర్థమైంది, ఒక్కసారి నవ్వాను, ఇంకోసారి చూడబుద్ధి కాలేదు. మార్టిన్ క్రీడ్ ఖాళీ గదిలో లైటు ఐదు సెకన్లు వెలిగి ఐదు సెకన్లు ఆరేలా పెట్టి 2001లో బ్రిటన్‌లో కళాకారులకిచ్చే టర్నర్ ప్రైజు కొట్టాడు, ఒకావిడ కోపమొచ్చి ఆ గది గోడలకి కోడిగుడ్లు విసిరింది, ఆ విషయంలో నేను ఆవిడ వైపు సగం, ఆయన వైపు సగం. అన్నిటికంటే చిరాకు వీటి పక్కన గోడకి అంటించే వివరణలు. రెండు మాటల్లో చెప్పే పనికి ఇరవై లైన్లు, ఒక్క లైనూ మనిషి మాట్లాడినట్టుండదు. జనం ఈ కళకి దూరమైతే సగం పాపం ఆ చీటీలది, మిగతా సగం పేపర్లది.

ఏళ్లు సాధన చేసి చెయ్యి తిరిగినవాళ్లకి అన్నం పుట్టకపోతే వీళ్లకి ఈ పేరేంటి అని ఒకాయన నాతో గట్టిగా వాదించాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఆయన కోపం న్యాయమే. కాకపోతే ఆ కోపం వేలంపాటవాళ్ల మీద చూపించాలి. ఎండలో మంచు దిమ్మ తోసుకుంటూ వెళ్లినవాడి మీద కాదు. అవును, ఒకాయన అదీ చేశాడు, ఫ్రాన్సిస్ అలీస్ అని, 1997లో మెక్సికో సిటీ వీధుల్లో పెద్ద మంచు దిమ్మని తొమ్మిది గంటల పైన తోసుకుంటూ నడిచాడు, చివరికి అది గులకరాయంతయి, కాలితో తన్నేంతయి, తడి మరకయి పోయింది. అదే ఆయన 2002లో పెరూలోని లిమా నగరం శివార్లలో 500 మందికి పారలిచ్చి ఒక ఇసుక దిబ్బని ఆ చివరి నుంచి ఈ చివరికి ఎత్తిపోయిస్తూ జరిపించాడు. ఎంత జరిగింది? ఓ పది సెంటీమీటర్లు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే అనుకున్నాను మొదట. వీడియో చూడండి, ఎండలో వరసగా ఐదొందల మంది పారలు ఒక్కసారి లేస్తాయి, దుమ్ము లేస్తుంది, ఆ మొహాల్లో ఎలుక దొరకలేదన్న బాధ మాత్రం కనపడదు.

గడియారాల సంగతి చెప్పి ఆపేస్తాను. ఫెలిక్స్ గొంజాలెస్ టోరెస్ అనే కళాకారుడి పని, రెండు మామూలు గోడ గడియారాలు, ఒకే సైజువి, ఒకదానికొకటి ఆనుకునేలా పక్కపక్కనే పెట్టి ఉంటాయి. ఒకే టైముకి తిప్పి పెడతారు. బ్యాటరీ గడియారాలు ఎంత మంచివైనా కొన్నాళ్లకి సెకన్లలో తేడా వస్తుంది, తర్వాత నిమిషాల్లో, ఎప్పుడో ఒకటి ముందు ఆగుతుంది. దాని పేరు 'అన్‌టైటిల్డ్', పక్కన బ్రాకెట్లో 'పర్‌ఫెక్ట్ లవర్స్' అని ఉంటుంది. ఆయన జీవిత భాగస్వామి ఎయిడ్స్‌తో 1991లో చనిపోయాడు, ఆయన 1996లో. ఒకటి ఆగితే బ్యాటరీ మార్చి రెండిటినీ మళ్లీ కలిపి పెట్టొచ్చు, అది కూడా ఆ పనిలో భాగమే.

మా ఫ్యాక్టరీలో కూడా రెండు గడియారాలుండేవి. గేటు దగ్గరొకటి, నా కిటికీ వెనక ఒకటి. ఎప్పుడూ కలిసేవి కావు. మూడు నిమిషాలు, ఒక్కోసారి నాలుగు, ఆఫీసుదే ముందు. పనివాళ్లు గేటు గడియారం చూసి టైముకే వచ్చామనేవాళ్లు, మేనేజరు ఆఫీసు గడియారం చూపించేవాడు. ఎన్ని గొడవలయ్యాయో ఆ మూడు నిమిషాల మీద. రెండూ కలిపి పెట్టించమని నేను నోటు పెట్టాను, ఒకసారి కాదు, చాలాసార్లు. ఫైల్లో పడి ఉండేది. సోమవారం పొద్దున స్టూలెక్కి నేనే కలిపేవాణ్ని, శుక్రవారానికి మళ్లీ విడిపోయేవి. ఇన్నేళ్లలో ఆ స్టూలెక్కడం నా ఉద్యోగంలో ఎక్కడా రాయని పని, ఎవరూ చెప్పని పని. ఆ రెండు గడియారాల ఫోటో చూస్తూ నేను చాలాసేపు కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి భుజం మీంచి చూసి, "దీంట్లో ఏముంది?" అని అడిగింది. స్టూలు సంగతి చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ముక్క తనకి చెప్పలేదట నేను.

నా విన్నపం చిన్నది. ఇకమీద ఇలాంటి వార్త వస్తే రేటు రెండో లైనులో వేయండి, మొదటి లైనులో ఆ మనిషి ఏం చేశాడో వేయండి, పేరుతో సహా. ఇంకా వీలైతే ఆదివారం అనుబంధంలో సుడోకు పక్కన రెండు లైన్ల చోటిచ్చి వారానికో పని వేయండి, ఇంట్లో చేసుకునేది, అగ్గిపుల్ల లాంటిది. సోల్ లెవిట్ అనే ఆయన గోడ బొమ్మలన్నీ ఇలాగే ఉంటాయి, గీతలు ఎలా గీయాలో ఆయన రాసిచ్చేవాడు, గీసేది వేరేవాళ్లు, ఆయన పోయాక కూడా గీస్తూనే ఉన్నారు. మీ పాఠకులకి ఒక పెన్సిలూ ఒక గోడా దొరక్కపోవు. చేసినవాళ్లు ఉత్తరాలు రాస్తారు, తిట్టేవాళ్లూ రాస్తారు, మీకూ ఆ పేజీ నిండుతుంది.

ఉత్తరం పొడవైంది, తెలుసు. కుదించాల్సొస్తే డుషాంప్ పేరా తీసేయండి, మంజోనీ పోయినా నాకేం బాధలేదు. గడియారాలు మాత్రం రెండూ ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టైమ్ ఆఫీసు గుమాస్తా